పడవలో మనిషి

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన సంఘానికి యాభై ఏళ్ళు నిండాయి. నేను 1984లో పదో తరగతి ప్యాసై ఈ బడి గేటు దాటేనాటికి సంఘం వయసు తొమ్మిదేళ్ళు. అప్పట్లో సంఘం అంటే ఏడాదికోసారి వచ్చి మాకు బిస్కెట్లు పంచి, మైకులో గంటసేపు మాట్లాడి వెళ్ళే పెద్దమనుషులు అనుకునేవాళ్ళం. ఇవాళ ఆ మైకు నా చేతికి వచ్చింది. బిస్కెట్లు మాత్రం నేను తేలేదు.

కార్యదర్శిగారు ఫోన్ చేసి, “నువ్వు పడవల ఫొటోలు తీస్తావట కదా, అరగంట వాటి గురించి చెప్పు, తెరమీద చూపించు” అన్నారు. నేను వృత్తిరీత్యా సివిల్ ఇంజనీర్ని. వంతెనల డిజైను నా పని. ముప్పై ఏళ్ళుగా కాంక్రీటుతోనూ ఉక్కుతోనూ కాపురం చేస్తున్నవాణ్ణి. ఏటిమీద వంతెన కట్టేవాడికి ఏట్లో పడవల మీద మోజేమిటని మా ఆఫీసులో కూడా నవ్వుతారు. ఆ మోజు ఎక్కడ పట్టుకుందో మీలో చాలామందికి తెలుసు. నేను లంక పిల్లవాణ్ణి. ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా అయిదేళ్ళు, రోజుకు రెండుసార్లు, గౌతమి పాయ దాటి ఈ బడికి వచ్చాను.

కొత్త బ్యాచ్‌ల వాళ్ళ కోసం కొంచెం చెప్పాలి. ధవళేశ్వరం దాటాక గోదావరి గౌతమి, వశిష్ఠ అని రెండుగా చీలుతుంది. వశిష్ఠలోంచి మళ్ళీ వైనతేయ విడిపోతుంది. ఈ పాయల మధ్యలో ఇసక, ఒండ్రు మేట వేసి లంకలు లేచాయి. లంకవాళ్ళకు వైద్యం, చదువు, సంత, పెళ్ళిసంబంధం అన్నీ అవతలి గట్టునే. గోదారిమీద పడవ అనగానే మీకు బాపుగారి ‘అందాల రాముడు’ గుర్తుకొస్తుంది. 1973లో వచ్చిన సినిమా. అందులోది లాంచీ ప్రయాణం. మాది అంత వైభోగం కాదు. మాది చిన్న నాటు పడవ. ఇరవైమంది ఎక్కితే అంచు నీళ్ళకు జానెడు ఎత్తున ఉండేది. లోతు లేనిచోట గెడ వేయడం, లోతైన చోట తెడ్డు వేయడం. అంతే దాని యంత్రాంగం.

ఆ పడవ నడిపే ఆయన్ని మేమందరం పడవ మావయ్య అనేవాళ్ళం. ఆయనకు వేరే పేరుందని నాకు ఇంటర్మీడియెట్‌కి వచ్చేదాకా తెలియదంటే నమ్మండి. బడిపిల్లల దగ్గర డబ్బులు తీసుకునేవాడు కాదు. పంట చేతికొచ్చాక ఇంటికింత అని ధాన్యం కొలిచేవాళ్ళు. మొదటి గంట కొట్టేలోగా మమ్మల్ని ఒడ్డున దింపడం తన బాధ్యత అనుకునేవాడు. ఆలస్యమైతే మాతోబాటు బడిదాకా వచ్చి, “తప్పు నాదండీ, నీరు పాటులో ఉంది, పిల్లల్ని కొట్టకండి” అని డ్రిల్లు మాస్టారికి చెప్పి వెళ్ళేవాడు. మాస్టారు ఇక్కడే ఉన్నారు. ఆయన మాట విని మమ్మల్ని ఎన్నిసార్లు వదిలేశారో, వినకుండా ఎన్నిసార్లు వాయించారో వారికి గుర్తుందో లేదో గాని, మా అరచేతులకు గుర్తుంది.

ఇక ఫొటోల సంగతి. ఉద్యోగంలో పడి, పెళ్ళయి, పిల్లలు కాస్త పెద్దవాళ్ళయ్యాక 2006లో మొదటి డిజిటల్ కెమెరా కొన్నాను. ఆ సంక్రాంతికి ఊరొచ్చి తెల్లవారకముందే రేవుకి వెళ్ళాను. ఆ పొగమంచులో పడవ కట్టి ఉంది. మావయ్య అరుగుమీద కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు. “ఏం బాబూ, నా పొట్ట కొట్టే వంతెనలు గీసేది నువ్వే, నా పడవకి ఫొటోవులు తీసేదీ నువ్వేనా?” అని నవ్వాడు. నేను ఏదో సర్దిచెప్పబోయాను. ఆయనే మళ్ళీ అన్నాడు: “నవ్వులాటకి అన్నాను. వంతెన రావాలి. మా పెద్దమ్మాయికి నెప్పులొచ్చిన రాత్రి ఏట్లో వరద. దాటించేవాణ్ణి నేనే అయ్యుండి కూడా తెల్లారేదాకా దాటించలేకపోయాను.” ఆ తల్లీ పిల్లా బతికారు. కానీ ఆ రాత్రి సంగతి చెబుతున్నప్పుడు ఆయన చుట్ట ఆరిపోయింది, మళ్ళీ వెలిగించుకోలేదు.

యానాం – ఎదుర్లంక మధ్య బాలయోగి వారధి 2002లో వచ్చింది. అంతకుముందు ఆ రేవులో పంటు కోసం గంటలు గంటలు పడిగాపులు పడ్డవాళ్ళు ఈ సభలోనే ఉన్నారు. వంతెన వద్దనేవాడు రేవులో రాత్రి గడపనివాడై ఉండాలి. కాబట్టి నేను పడవల ఫొటోలు తీసేది, వంతెనలు రాకూడదనీ కాదు, పాతరోజులే బాగున్నాయనీ కాదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను.

నీళ్ళమీద నిశ్శబ్దాన్ని ఫొటో తీయడం ఎలాగో నాకు నేర్పింది పుస్తకాలు కాదు, మావయ్యే. మొదట్లో నేను తోచినప్పుడు రేవుకి వెళ్ళి, అలలు చూసి ఉసూరుమని తిరిగొచ్చేవాణ్ణి. ఒకరోజు ఆయన, “నీరు నిలబడే వేళ ఒకటుంటుంది, అప్పుడు రావాలి” అన్నాడు. మన రేవు దగ్గర సముద్రపు పోటు, పాటు తెలుస్తాయి. పోటు ఎక్కడం ఆగి పాటు మొదలయ్యే ముందు కాసేపు నీరు ఎటూ కదలదు. పోటు వేళ రోజుకు దాదాపు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది. కాగితంమీద లెక్కేస్తే, సూర్యోదయానికి నీరు నిలకడగా ఉండే అవకాశం సుమారు వారానికోసారి వస్తుంది. నేను ఇలా లెక్కగట్టి పోటు పట్టిక ఒకటి తయారుచేసుకుని గొప్పగా చూపిస్తే, మావయ్య దాన్ని తిరగేసి పట్టుకుని చూసి, “అమావాస్యకీ పున్నానికీ పోటు పెద్దది, అష్టమికి మందం. అష్టమి దాటాక రా, నీకు కావల్సినట్టు ఉంటుంది” అన్నాడు. నా పట్టిక చెప్పింది కూడా దాదాపు అదే.

గాలి సంగతి కూడా ఆయనే చెప్పాడు. రాత్రంతా నేలమీంచి సముద్రంవైపు గాలి వీస్తుంది. పొద్దెక్కాక సముద్రం నుంచి నేలమీదికి వీస్తుంది. ఒకటి ఆగి రెండోది మొదలయ్యే మధ్యలో, పొద్దున కాసేపు ఆకు కూడా కదలదు. అప్పుడు నీరు అద్దం. పడవ కింద పడవ తలకిందులుగా కనిపిస్తుంది. ఆ కాసేపటి కోసమే నేను చలిలో మూడింటికి లేచి, మా అమ్మచేత తిట్లు తిని, పంచె పైకి కట్టుకుని బురదలో నిలబడేవాణ్ణి.

అలా మొదలై, సెలవు దొరికినప్పుడల్లా నీళ్ళున్నచోటికి పోయేవాణ్ణి. ఇప్పుడు తెరమీద వస్తున్నవి ఆ బొమ్మలు. ఇది కొల్లేరు. ఈ దోనె తాటిమానుది. మొద్దును నిలువునా చీల్చి, లోపలి మెత్తని గుజ్జు తొలిచేస్తే గట్టి చెక్క మిగులుతుంది. వేరు దగ్గర లావుగా ఉండే భాగమే దోనెకు ఒక కొసన ఉబ్బుగా నిలుస్తుంది. రెండు దోనెలు పక్కపక్కన కట్టేస్తే సంగడి. ఇది కృష్ణలో పుట్టి. వెదురు బద్దలతో అల్లిన పెద్ద గుండ్రటి బుట్ట. కొత్తవాడు ఎక్కితే గిర్రున తిరుగుతుందే తప్ప ముందుకు పోదు. నాకు స్వయంగా అనుభవం. ఇది కోరంగి మడఅడవుల్లో సన్న కాలవ. వల వేసి, వల లాగేముందు కాసేపు ఊరికే కూర్చున్న మనిషి. చేపలవాళ్ళ రోజులో అలా కూర్చునే వేళ చాలా తక్కువ.

ఇక ఇదిగో, ఈ బొమ్మ. దీనికోసమే ఇంతసేపూ మాట్లాడాను. మన రేవే. 2010 సంక్రాంతి. తూర్పున ఆకాశం ఎర్రగా ఉంది. నీరు నిలబడి ఉంది. మధ్యలో పడవ. దాని కొసన గెడ పట్టుకుని మావయ్య. మనిషీ పడవా నల్లగా, సిరాతో గీసినట్టు ఉన్నారు కదా. దీన్ని హైదరాబాదులో ఒక ఫొటోల పోటీకి పంపాను. మొదటి బహుమతి వచ్చింది. పెద్ద చట్రం కట్టించి మూడు రోజులు గోడకు పెట్టారు. చూసినవాళ్ళు “ఎంత ప్రశాంతత!” అన్నారు. నేనూ అలాగే అనుకున్నాను.

2012 వర్షాకాలంలో మావయ్య పోయాడు. నాలుగు రోజులు జ్వరమట. నాకు కబురు ఆలస్యంగా తెలిసింది. తరువాతి సంక్రాంతికి ఊరొచ్చేటప్పుడు, ఆ చట్రం కట్టిన ఫొటోను జాగ్రత్తగా దుప్పట్లో చుట్టి బస్సులో తెచ్చి, వాళ్ళింటికి తీసుకెళ్ళాను. అత్త అరుగుమీద కూర్చుని చేటలో బియ్యం బాగుచేస్తోంది. చేట పక్కన పెట్టి, చేతులు చీరకు తుడుచుకుని, ఫొటో అందుకుంది. చాలాసేపు చూసింది. కింద నుంచి పైకి, పక్క నుంచి పక్కకి చూసింది. వెలుతురులోకి తిప్పి చూసింది. ఆ తరువాత ఎంతో మర్యాదగా, నన్ను నొప్పించకూడదన్నట్టు అడిగింది.

“బాగుంది బాబూ. ఇందులో మీ మావయ్య మొగం ఏదీ?”

నా దగ్గర జవాబు లేదు.

అప్పుడు ఆవిడ లోపలికెళ్ళి ఒక ఫొటో తెచ్చింది. ఆయన ఓటరు కార్డుమీది బొమ్మను టౌన్లో స్టూడియోకి ఇచ్చి పెద్దది చేయించారట. స్టూడియో కుర్రాడు పాపం మంచి మనసుతోనే, ఆయనకు నీలం కోటు, టై తొడిగాడు. కళ్ళు సగం మూసి ఉన్నాయి. “ఈ కోటాయన ఎవరో నాకు తెలీదు బాబూ” అంది అత్త. “పిల్లలు దండ వేశారు కదాని ఊరుకున్నాను.” పెళ్ళినాటి ఫొటో ఒకటి ఉండేదట. 1986 ఆగస్టు వరదల్లో ఇంట్లో నడుములోతు నీళ్ళొచ్చి, ట్రంకుపెట్టెతో సహా పోయింది. “నీ దగ్గరుంటాయిగా, నువ్వు ఎప్పుడూ తీస్తూనే ఉండేవాడివి. ఒక్కటి, మొగం ఉన్నది, చిన్నదైనా ఫరవాలేదు” అంది.

ఉంటుందనే అనుకున్నాను. హైదరాబాదు వెళ్ళి పాత హార్డ్‌డిస్కులన్నీ దింపాను. రెండు రాత్రులు కూర్చున్నాను. ఆరేళ్ళలో ఆయన ఉన్న ఫొటోలు నాలుగు వందల పైచిలుకు తీశాను. ఒక్కటంటే ఒక్కదాంట్లో ఆయన మొగం లేదు. వెనకనుంచి ఉంది. దూరంనుంచి ఉంది. తలపాగా నీడలో ఉంది. పొగమంచులో ఉంది. చేతులు దగ్గరగా ఉన్నాయి, గెడ దగ్గరగా ఉంది, పడవ ముక్కుకు కట్టిన పసుపుగుడ్డ దగ్గరగా ఉంది. ఆయన నావైపు తిరిగి మాట్లాడుతున్నప్పుడు నేను కెమెరా దించేసేవాణ్ణి. మనిషి కెమెరావైపు చూస్తే ఆ ప్రశాంతత చెడిపోతుందని నా నమ్మకం.

సాంకేతికంగా ఏం జరిగిందో చెబుతాను. తెల్లవారుజామున వెలుగుకు ఎదురుగా కెమెరా పెడితే, ఆకాశానికీ, వెలుగుకు వీపు పెట్టిన మొగానికీ నాలుగైదు స్టాపుల తేడా ఉంటుంది. ఒక్కో స్టాపు అంటే వెలుతురు రెట్టింపు. నాలుగు స్టాపులంటే 16 రెట్లు, అయిదంటే 32 రెట్లు. ఆకాశం రంగు దక్కాలని కొలత ఆకాశానికి పెడితే మనిషి నలుపు. మనిషికి పెడితే ఆకాశం తెలుపు. నేను ప్రతిసారీ ఆకాశానికే పెట్టాను. కంప్యూటర్లో ఆ నలుపును పైకి లేపి చూశాను. అప్పట్లో నేను చిన్న జేపెగ్ ఫైళ్ళే దాచేవాణ్ణి. వాటిలో ఆ నలుపు వెనక ఏ సమాచారమూ లేదు. సున్నాను ఎంతతో హెచ్చవేసినా సున్నాయే అని ఈ బడిలోనే లెక్కల మాస్టారు చెప్పారు.

నా ఉద్యోగంలో ఒక డ్రాయింగు మీద ఒక్క కొలత లేకపోతే సంతకం పెట్టను. ఎంత అందంగా గీసినా తిప్పి పంపిస్తాను. ఆరేళ్ళపాటు నేను తీసిన డ్రాయింగులో ముఖ్యమైన కొలతే లేదు. దానికి మొదటి బహుమతి వచ్చింది. అయిదేళ్ళు రోజుకు రెండుసార్లు నన్ను మునగకుండా దాటించిన మనిషిని నేను సీనరీలో ఒక వస్తువు చేశాను. చూసినవాళ్ళు ప్రశాంతత అన్నది చలిలో ఒక మనిషి పనిలోకి దిగే వేళ. అది నాకు తెలుసు. ఆయన కాళ్ళు ఆ నీళ్ళలో ఎంతగా పాసిపోయి ఉండేవో కూడా తెలుసు. ఫొటో తీసేటప్పుడు మాత్రం గుర్తులేదు.

అత్తకు ఏమని చెప్పాలో తెలియక ఏడాదిపాటు వాళ్ళ వీధివైపు పోలేదు. పెద్దవాళ్ళముందు ఒప్పుకుంటున్నాను, అది పిరికితనం. ఆ తరువాత వెళ్ళి, “లేదత్తా, ఒక్కటీ లేదు, తప్పయింది” అని చెప్పాను. ఆవిడ ఏమీ అనలేదు. మజ్జిగ ఇచ్చింది.

అప్పటినుంచి నా పద్ధతి మార్చుకున్నాను. పడవలు తీయడం మానలేదు. ఎర్రటి ఆకాశం, నల్లటి పడవ ఇప్పటికీ తీస్తాను, నాకు ఇష్టం. కానీ అది తీశాక ఇంకా పని మిగిలే ఉంటుంది. ఒడ్డుకు వచ్చేదాకా ఆగుతాను. పలకరిస్తాను. అడుగుతాను. వద్దంటే మానేస్తాను. సరేనంటే, పొద్దు కాస్త ఎక్కాక, ఎనిమిదింటి వేళ, మనిషిని వెలుగుకు పక్కగా తిప్పి తీస్తాను. నీళ్ళమీద పడవలో ఉన్నవాళ్ళకు ఒక సౌకర్యం ఉంది. ఎండ నీటిమీద పడి కిందనుంచి మొగంమీదికి లేస్తుంది. తలపాగా నీడలో ఉన్న కళ్ళు కూడా తేటగా కనబడతాయి. స్టూడియోలో లైట్లు పెట్టి చేసే పని నీరు ఉచితంగా చేసిపెడుతుంది. ఇది నాకు ముందే తెలిసి ఉండాల్సింది. మావయ్య నావైపు తిరిగి మాట్లాడేది సరిగ్గా ఆ వేళలోనే.

తీసినదాన్ని ప్రింటు వేయించి, మళ్ళీ వెళ్ళినప్పుడు వాళ్ళ చేతికి ఇస్తాను. ఫోనుకు పంపిస్తే చాలదా అని మా అబ్బాయి అడిగాడు. ఫోను నీళ్ళలో పడుతుంది, పాతబడుతుంది, మనవడు ఆటలకోసం ఫొటోలు తుడిచేస్తాడు. కాగితం గోడకు ఉంటుంది. కొల్లేటి దగ్గర ఒకామె తన ఫొటో చూసుకుని, “నేను ఇంత ముసిలిదాన్నయ్యానా” అని నన్నే తిట్టింది. మరుసటేడు వెళితే అది దేవుడి పటాల పక్కన ఉంది.

ఇక్కడితో నా ప్రసంగం అయిపోవలసింది. కానీ పోయినేడు ఒక సంగతి జరిగింది.

ఈ సంచికకోసం పాత ఫొటోలు పంపమని కమిటీవాళ్ళు మన బ్యాచ్‌ల వాట్సాప్ గ్రూపుల్లో అడిగారు కదా. మా బ్యాచ్ అమ్మాయి ఒకావిడ (అమ్మాయి అంటున్నాను గాని ఇద్దరు మనవలున్నారు) వాళ్ళమ్మగారి బీరువాలో దొరికిందని ఒక బొమ్మ పెట్టింది. 1982 కార్తీకమాసం. తొమ్మిదో తరగతి వనభోజనాలు. మా లంకలోనే, ఉసిరిచెట్టు కింద. గ్రూపులో అందరూ ‘వీడు ఫలానా, ఇది ఫలానా, అయ్యో వీడికి అప్పుడు జుట్టుండేది’ అని మొదలుపెట్టారు. నేనూ నన్ను వెతుక్కున్నాను. కళ్ళు మూసుకుని ఉన్నాను. ఆ తరువాత ఎడమవైపు చివర చూశాను. పడవ ముక్కుమీద చెయ్యి వేసి, గెడ నేలకు ఆనించి, తలపాగా తీసి భుజంమీద వేసుకుని, కెమెరావైపు సూటిగా చూస్తూ పడవ మావయ్య.

ఆ ఫొటో తీసింది మన డ్రిల్లు మాస్టారు. వారి దగ్గర అగ్ఫా క్లిక్ 3 కెమెరా ఉండేది. చాలామందికి గుర్తుండే ఉంటుంది, నల్లటి డబ్బా. రోలుకు పన్నెండే బొమ్మలు. అందుకని పిల్లలు కదిలితే మాస్టారికి ప్రాణం పోయేది. ఆ ప్రింటు ఆరు సెంటీమీటర్ల చదరం, నెగెటివ్ ఎంతో ప్రింటూ అంతే. అందులో మావయ్య మొగం రెండు మిల్లీమీటర్లు. మిత్రురాలి దగ్గరకు వెళ్ళి అసలు ప్రింటు తెచ్చి, 1200 చుక్కల చొప్పున స్కాన్ చేశాను. మొగానికి తొంభై చుక్కలు వచ్చాయి. పెద్దది చేస్తే చెదిరిపోతుంది. అందుకని మనిషి అంతా వచ్చేలా, పోస్టుకార్డుకన్నా కొంచెం చిన్నగా ప్రింటు వేయించాను. అంచులు కొంచెం మసక. కళ్ళు, మీసం, నవ్వబోయి ఆపుకున్న పెదవులు తెలుస్తాయి.

అత్తకు ఇప్పుడు చూపు మందగించింది. కూతురు చేతికిస్తే, ఆమె చూసి, “అమ్మా, నాన్న నిలబడ్డాడే” అంది. అత్త దాన్ని కంటికి దగ్గరగా పెట్టుకుని, ఎంతసేపు చూసిందో నేను గడియారం చూడలేదు. “జుట్టు ఎంత నల్లగా ఉందో” అంది. కోటు ఫొటో తీసేయమని కూతురికి చెప్పింది. అది స్టూడియోవాడి కష్టం, లోపల దాచమంది. ఇప్పుడు గోడకు మాస్టారు తీసిన ఫొటో ఉంది. పక్కనే, ఆవిడ మాటమీదే, నాకు బహుమతి వచ్చిన నల్లబొమ్మ కూడా ఉంది. “అది పడవది. ఇది మనిషిది. రెండూ ఉండాలి” అంది.

నిన్న సాయంత్రం మాస్టారిని అడిగాను. “మాస్టారూ, అది మా తరగతి ఫొటో కదా, రోల్లో ఆఖరి బొమ్మ కదా, పడవ మావయ్యను ఎందుకు పిలిచి నిలబెట్టారు?” అని. వారికి ఆ రోజు సరిగా గుర్తులేదు. కాసేపు ఆలోచించి, నేను అడగకూడనిదేదో అడిగినట్టు చూసి, “పడవ ఎవరిదిరా మరి?” అన్నారు.

కెమెరా గురించి నాకు తెలిసినదాంట్లో అంతకన్నా పెద్ద పాఠం లేదు.

అందుకని ఈ స్వర్ణోత్సవ వేళ సంఘానికీ, మీ అందరికీ రెండు విన్నపాలు. మొదటిది, ఇంటికెళ్ళగానే మీ పాత పెట్టెలు, బీరువాలు వెతకండి. మన బడి ఫొటోల్లో అంచుల్లో నిలబడ్డవాళ్ళుంటారు. గంట కొట్టిన ఆయన, మధ్యాహ్నం ఉప్మా వండిపెట్టిన ఆవిడ, గేటు దగ్గర జీళ్ళు, నిమ్మతొనలు అమ్మిన తాత. వాళ్ళ ఇళ్ళలో ఆ ఒక్క ఫొటో కూడా ఉండకపోవచ్చు. ప్రింటు తీసి ఇవ్వండి. స్కానింగు పని నేను చేసిపెడతాను, ఖర్చు నాది. ఫొటో వెనక పెన్సిలుతో పేర్లు, ఏడాది రాయండి. పేరు తెలియకపోతే తెలిసినవాళ్ళను అడగండి, వాళ్ళు ఉండగానే.

రెండోది, రేపు పొద్దున్న చాలామంది రేవుకి వెళతామంటున్నారు. వెళ్ళండి. ఫోనులో ఫొటోలు తీసుకోండి. పడవలో మాత్రం లేచి నిలబడకండి. ఇప్పుడు ఆ పడవ నడుపుతున్నది మావయ్య చిన్న మనవడు. మోటారు పెట్టాడు. ఫోను తెరమీద అతని మొగం ఉన్నచోట వేలితో ఒకసారి నొక్కండి. ఆకాశం కాస్త తెల్లబోతుంది. తెల్లబోనివ్వండి, ఆకాశం ఎల్లుండి కూడా ఉంటుంది. తీసేముందు అతని పేరు అడగండి.

 భోజనాలు సిద్ధంగా ఉన్నాయని కార్యదర్శిగారు సైగ చేస్తున్నారు. సెలవు.